పదిహేను డాలర్ల జెపర్డీ స్కోర్ బుక్, ఆరు వేలు తేడా

రేటింగ్ అయిదుకి మూడు. మా మావయ్య గారిని అడిగితే రెండున్నర అంటారు, ఆ అర కూడా అట్ట గట్టిగా ఉందని.

జెపర్డీ అంటే ముగ్గురు పోటీపడే అమెరికా టీవీ క్విజ్ షో, అది చూస్తూ ఇంట్లో సోఫాలో కూర్చుని మన స్కోరు మనం రాసుకునే పుస్తకం ఇది. ఆన్‌లైన్‌లో ఒక చిన్న సెల్లర్ దగ్గర కొన్నా, పేరు ఎందుకులెండి. 14.99 డాలర్లు, 130 పేజీలు, పేజీకి ఒక గేము, దాంతోపాటు "బజర్ పెన్" అని ఒక టిక్‌టిక్ పెన్ను ఫ్రీ. టీవీ చూడ్డానికి మళ్లీ పుస్తకం ఎందుకు అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, మీ తప్పేం లేదు, పార్సిల్ విప్పగానే మా ఆవిడ కూడా సేమ్ అదే మాట అంది.

నాకీ పిచ్చి 2004లో పట్టింది. అప్పుడే కొత్తగా న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చా, నలుగురం ఒక అపార్ట్‌మెంట్, సాయంత్రం ఏడింటికి వంట ఎవరిదైనా సరే టీవీలో మాత్రం జెపర్డీ, ఎందుకంటే ఆ ఏడాదే కెన్ జెనింగ్స్ వరసగా 74 గేములు గెలుచుకుంటూ పోయాడు, ఈ రోజైనా ఓడతాడేమో అని చూడ్డం మొదలెట్టి అలా అలవాటైపోయింది. ఇప్పుడు ఆయనే హోస్ట్. అప్పట్లో మాకు స్కోరు లేదు పాడు లేదు, గట్టిగా ముందు ఎవడు అరిస్తే వాడిదే పాయింటు, దాని మీద గొడవలు, అలిగి అన్నం తినకుండా పడుకున్నవాడు కూడా ఉన్నాడు.

మన దగ్గర మీలో ఎవరు కోటీశ్వరుడు వచ్చిన రోజుల్లో ఈ అవసరం రాలేదు కదా. నాలుగు ఆప్షన్లుండేవి, హాట్ సీట్‌లో కూర్చున్నవాళ్లు లైఫ్‌లైన్ వాడాలా వద్దా అని ఆలోచిస్తుండేవాళ్లు, నాగార్జున నవ్వుతూ ఊరిస్తుండేవాడు, ఈలోపు మనం వెళ్లి పకోడీలు వేయించుకుని కూడా రాగలిగేవాళ్లం. జెపర్డీలో ఆప్షన్లుండవు. ఆరు కేటగిరీలు, ఒక్కోదాంట్లో అయిదు క్లూలు, 200 నుంచి 1000 దాకా, రెండో రౌండ్‌లో అదే రెట్టింపు, 400 నుంచి 2000 దాకా, చివర్లో పందెం కాసే ఫైనల్ ఒకటి, మొత్తం 61 క్లూలు అరగంట ప్రోగ్రాంలో యాడ్స్‌తో సహా అయిపోవాలి. క్లూకి పదీ పన్నెండు సెకన్లు. ఆ సందులో చదవాలి, ఆలోచించాలి, పైకి చెప్పాలి, బుక్‌లో గీత పెట్టాలి. ఈ బుక్ మంచీ చెడూ అంతా ఆ చివరి పని దగ్గరే తేలిపోతుంది.

మంచి ముందు చెప్తా. పేజీలో రెండు బోర్డులు ఆరు నిలువు, అయిదు అడ్డం గళ్లతో అచ్చం టీవీలో ఉన్నట్టే వేశాడు. ఇదేం గొప్ప అనుకోకండి, నేను ఇంతకుముందు వాడిన ఒక నోట్‌ప్యాడ్‌లో 1 నుంచి 30 దాకా వరసగా నంబర్లు ఇచ్చాడు, అది అస్సలు పనికిరాదు, ఎందుకంటే ఇప్పటి ప్లేయర్లెవరూ పైనుంచి కిందకి బుద్ధిగా ఆడరు. ఒక కేటగిరీలో 1000, ఇంకోదాంట్లో 800, మళ్లీ వేరేదాంట్లో 1000, ఇలా గెంతుతూనే ఉంటారు. దీన్ని ఫారెస్ట్ బౌన్స్ అంటారు, 1985లో చక్ ఫారెస్ట్ అనే ప్లేయర్ ఇలా ఆడి పక్కవాళ్లని కంగారు పెట్టాడు, ఆ పేరు ఉండిపోయింది. హైదరాబాద్‌లో కాలేజీ క్విజ్‌లు ఆడినవాళ్లకి బౌన్స్ అంటే ఒక టీమ్‌కి రాని ప్రశ్న పక్క టీమ్‌కి పోవడం, పౌన్స్ అంటే మన వంతు కాకపోయినా రిస్క్ తీసుకుని ముందే చీటీ రాసివ్వడం, ఈ బౌన్స్‌కి దానికి సంబంధం లేదు, నేను మొదట్లో కన్‌ఫ్యూజ్ అయ్యా కాబట్టి చెప్తున్నా. 2019లో జేమ్స్ హోల్జ్‌హావర్ వచ్చి అడుగు వరస ముందు ఊడ్చేసి, చేతిలో డబ్బు చేరాక డైలీ డబుల్ (బోర్డులో ఎక్కడో దాగుండే, చేతిలో ఉన్న డబ్బు పందెం కాయగలిగే క్లూ) వెతికి దాని మీద భారీగా పందెం కాసి ఒకే గేములో 131,127 డాలర్లు కొట్టాక ఇక అందరికీ అదే దారి. కాబట్టి గళ్ల బోర్డు లేకపోతే క్లూ ఎక్కడ పడిందో వెతుక్కునేలోపే ఇంకో క్లూ వచ్చేస్తుంది. ఈ విషయంలో బుక్ చేసినవాడికి మార్కులు వెయ్యాల్సిందే.

ఇప్పుడు స్కోరు సంగతి. ఇంట్లో స్కోరు రాసుకునేవాళ్లు వాడేది కోరియట్ అని. కార్ల్ కోరియట్ అనే పాత జెపర్డీ ఛాంపియన్ పేరు అది. లెక్క చాలా సింపుల్, రైట్ చెప్తే ఆ క్లూ విలువ కలుపు, తప్పు చెప్తే తీసెయ్యి, చెప్పకపోతే సున్నా. డైలీ డబుల్ వస్తే పందెం గిందెం లేదు, 1600 గడిలో పడితే రైటైతే 1600, తప్పైతే ఏమీ పోదు. ఫైనల్ అసలు లెక్కలోకే రాదు. పందెం తీసేయడం ఎందుకంటే సోఫాలో కూర్చుని "అంతా పెట్టేస్తున్నా" అనడానికి ఎవరికైనా ధైర్యం వస్తుంది, మన జేబులో డబ్బులా ఏమన్నానా. పందెం లేకపోతే అసలు నీకెంత తెలుసో అదొక్కటే మిగుల్తుంది, నిన్నటి నీతో ఇవాల్టి నిన్ను పోల్చుకోవచ్చు. ఒక్కటీ వదలకుండా అన్నీ రైట్ చెప్తే మొదటి బోర్డు 18,000, రెండోది 36,000, మొత్తం 54,000. నాది మంచి రోజున 19,000, సోమవారాలు 11,000.

ఈ బుక్‌లో డైలీ డబుల్‌కి పక్కన "పందెం" అని గడి పెట్టి దాన్ని కింద టోటల్‌లో కలపమంటాడు. అట్ట మీదేమో కోరియట్ స్కోర్ బుక్ అని పెద్ద అక్షరాలు! ఇది పెరుగన్నం అని బోర్డు పెట్టి సాంబారు పోసినట్టు ఉంది. నేను ఆ గడిని ప్రతి పేజీలో కొట్టేసుకుంటూ పోయా.

అసలు కథ మావయ్య గారు వచ్చాక. బాపట్ల నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చారు, బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి రిటైర్ అయిన మనిషి, ఇంగ్లీష్ సినిమాలు పడవు, ఇక్కడి న్యూస్ అసలే పడదు, కానీ జెపర్డీ మొదటి రోజే పట్టేసింది, ఎందుకంటే క్లూ మొత్తం స్క్రీన్ మీద అక్షరాల్లో పడుతుంది, అమెరికా వాళ్ల యాసతో పని లేదు, కెన్ జెనింగ్స్ సగం చదివేలోపు ఈయన మొత్తం చదివేస్తారు. రెండో రోజు నా చేతిలో బుక్ చూసి "ఇటివ్వండి అల్లుడుగారూ, మీరు చెప్పండి, నేను రాస్తా" అని తీసుకున్నారు. నేను స్కోరు రాస్తే ఆట మిస్సవుతా, ఆట చూస్తే గడి మిస్సవుతా, కాబట్టి సంతోషంగా ఇచ్చేశా.

మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ ఖాళీ పేజీ ముందు పెట్టుకుని పెన్సిల్‌తో ఏదో కూడుతున్నారు. ఆట లేదు, ఏమీ లేదు, ఉత్త పేజీ.

"అల్లుడుగారూ, ఈ వెనక అట్ట మీద అన్నీ రైటైతే ఎంతని రాశాడు?"

"యాభై నాలుగు వేలు మావయ్య గారూ."

"లోపల నలభై ఎనిమిదే వస్తోంది."

నేను నవ్వి మళ్లీ కూడమన్నా. ఆయన నవ్వలేదు. పెన్సిల్ కొనతో రెండో బోర్డు అడుగు వరస చూపించారు. పైనుంచి 400, 800, 1200, 1600, ఆ తర్వాత 2000 ఉండాల్సిన చోట 1000 అని అచ్చేశాడు. ఆరు కేటగిరీలకి ఆరు వేలు తేడా. అన్ని పేజీల్లో అంతే, 130 పేజీల్లోనూ. నేను అప్పటికే మూడు వారాలుగా ఆ బుక్‌లో రాస్తున్నా, అడుగు వరసలో రైట్ చెప్పిన ప్రతిసారీ గడిలో ఉన్న అంకె చూసి కూడుకుంటున్నా, నా స్కోర్లు తగ్గుతున్నాయేంటి వయసైపోతోందా అని లోపల బాధపడుతున్నా కూడా. ఆయన ఎర్ర పెన్ను అడిగి తీసుకుని ఆ మూడు వారాల పేజీలూ తిరగేసి అన్నీ దిద్ది పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఒక రోజు నాకు 3,000 పెరిగింది, ఇంకో రోజు 2,000 తగ్గింది, ఎందుకంటే తప్పు చెప్పినవాటికి కూడా సగమే కోత పడింది కదా. ఆ తగ్గిన రోజు గురించి ఆయన చెప్పకపోయినా నాకు బాధ ఉండేది కాదు.

సెల్లర్‌కి మెయిల్ పెట్టా. రెండ్రోజుల్లో రిప్లై వచ్చింది, సారీ చెప్పి, సరిచేసిన పేజీ పీడీఎఫ్ పంపాడు, "ఇది ప్రింట్ తీసుకోండి" అని. మరి ప్రింట్ తీసుకోవడమే అయితే పదిహేను డాలర్లు ఎందుకు పెట్టానురా నాయనా. ఇంకో మెయిల్ పెడితే సగం డబ్బులు వెనక్కిచ్చాడు, ఆ మాట దాచకూడదు.

ఇక వాడకం. బైండింగ్ గమ్ముతో అంటించింది, స్పైరల్ కాదు, ఒళ్లో పెట్టుకుంటే దానంతటదే మూసుకుపోతుంది, మధ్యలో మోచెయ్యి పెట్టి నొక్కిపట్టుకోవాలి. గడి గోరంత ఉంటుంది, అందులో డాలర్ల అంకె పక్కనే "నీ మార్కు" అని ఇంకో బుల్లి గడి. మావయ్య గారివి బైఫోకల్ కళ్లద్దాలు, టీవీ చూడాలంటే గడ్డం దించాలి, గడి చూడాలంటే గడ్డం ఎత్తాలి, అరగంటలో అరవై సార్లు, ఫైనల్ అయ్యేసరికి మెడ పట్టేసేది. అందుకని మేము అంకెలు రాయడం మానేశాం. రైటుకి ఒక టిక్కు, తప్పుకి ఇంటూ, చెప్పకపోతే ఖాళీ, డైలీ డబుల్‌కి చుట్టూ సున్నా, అంతే, కూడిక అంతా ఆట అయ్యాక. అలవాటున్నవాళ్లు చేసేదీ దాదాపు ఇదే, చివర్లో "38 రైటు, 6 తప్పు" అని పక్కన వేసుకుంటారు, డాలర్ల కన్నా ఆ రెండు అంకెలే ఎక్కువ చెప్తాయి. ఈ బుక్‌లో ఆ రెండు అంకెలకి మాత్రం చోటు లేదు. డిజైన్ చేసినవాడికి లెక్క తెలుసుగానీ ఏడింటికి టీవీ ముందు కూర్చుని ఒక్క గేమన్నా నిజంగా రాశాడా అని నా డౌటు.

చివర్లో రెండు పేజీలు "పదకోశం" ఇచ్చాడు. డైలీ డబుల్, ట్రిపుల్ స్టంపర్, రన్‌అవే, ఇవే, టీవీ చూసే ఎవరికైనా తెలిసినవి. ట్రిపుల్ స్టంపర్ అంటే ముగ్గురిలో ఒక్కరికీ రాని క్లూ. రన్‌అవే అంటే ఫైనల్‌కి ముందే మొదటివాడి దగ్గర రెండోవాడికి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండటం, పిచ్చి పందెం కాస్తే తప్ప ఓడడు, అలాంటి రోజు మా ఆవిడ ఫైనల్ చూడకుండా లేచి రేపటికి పెసలు నానబెట్టుకోడానికి పోతుంది. అసలు ఇంట్లో ఆడేవాళ్లకి కావాల్సిన మాటలు ఒక్కటీ లేవు ఇందులో. క్లామ్ లేదు! క్లామ్ అంటే ఆల్చిప్ప, తెలీనప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం. కోరియట్ పెరగాలంటే ఎక్కువ తెలియడం కన్నా ముందు క్లామ్ చేయడం రావాలి, ఎందుకంటే 2000 క్లూ ఒకటి ఊహించి తప్పు చెప్తే 400వి అయిదు రైట్లు గంగలో కలిసినట్టే. మావయ్య గారు దీంట్లో దిట్ట. పాటలు, బాస్కెట్‌బాల్, హాలీవుడ్ కేటగిరీలు వస్తే చేతులు కట్టుకుని కూర్చుంటారు, ఒక్క మాట రాదు, నేనేమో నోటికొచ్చింది అనేసి మైనస్‌లోకి పోతా. "సంతకం కలవకపోతే చెక్కు పాస్ చెయ్యకూడదు అల్లుడుగారూ" అంటారు, అక్కడికీ బ్యాంకే.

నెగ్‌బెయిట్ అని ఇంకోటి. తప్పు చెప్తే నెగ్, ఆ తప్పు వైపు లాగే ఎర నెగ్‌బెయిట్. బ్రెజిల్ రాజధాని అనగానే రియో అని నోట్లోంచి వచ్చేస్తుంది చూడండి, అది. పావ్లోవ్ అంటే దానికి ఉల్టా, గంట కొడితే కుక్కకి నోరూరినట్టు ఒక మాట కనపడగానే జవాబు తన్నుకొచ్చేయడం. ఫిన్‌లాండ్ కంపోజర్ అంటే సిబేలియస్, నార్వే నాటకాల రచయిత అంటే ఇబ్సెన్, ఇంకేం చదవక్కర్లేదు. నేను సిబేలియస్ మ్యూజిక్ జన్మలో వినలేదు, కానీ ఆయన పేరు మీద ఇప్పటిదాకా కొన్ని వేల డాలర్లు సంపాదించా, కాగితం మీద. లాచ్ ట్రాష్ అని మరోటి ఉంది, స్టూడియోలో ముగ్గురికీ రాని క్లూలు మనకొస్తే వాటి మొత్తం. ఎప్పుడో ఒకసారి క్రికెట్ మీద క్లూ పడుతుంది, అక్కడ ముగ్గురూ బొమ్మల్లా నిలబడతారు, మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి అరుస్తాం, ఆ 1200 నాకు మిగతా మొత్తం స్కోరు కన్నా తియ్యగా ఉంటుంది. దీనికి కింద ఒక్క లైను ఇచ్చుంటే ఎంత బాగుండేది. మావయ్య గారే పేజీ అడుగున స్కేలు పెట్టి గీత కొట్టి "వారికి రానివి" అని శీర్షిక రాసుకున్నారు.

నిజాయితీ రూలు కూడా బుక్‌లో ఎక్కడా లేదు, కొత్తవాళ్లకి చెప్తున్నా, స్టూడియోలో వాళ్లు నోరు విప్పకముందే మనం పైకి చెప్పాలి. వాళ్లు చెప్పాక "ఆ, నాకు తెలుసు" అంటే చెల్లదు. నాలిక మీదే ఉంది అన్నా చెల్లదు. మా ఇంట్లో అంపైర్ మా ఆవిడ, వంటింట్లోంచి చూడకుండానే "వినపడలేదు, లేదు" అని తీర్పు ఇచ్చేస్తుంది, అప్పీలు లేదు. "వాట్ ఈజ్" అని ప్రశ్నలాగా చెప్పాలన్న రూలు ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, మావయ్య గారు తప్ప. ఆయన ప్రతిసారీ "వాట్ ఈజ్ వాగడూగు" (బుర్కినా ఫాసో రాజధాని) అని పూర్తిగా అంటారు, ఆ రెండు మాటల ఆలస్యానికి ఎన్ని పాయింట్లు పోగొట్టుకున్నారో, అయినా మానరు, రూలంటే రూలే.

బజర్ పెన్ను గురించి. ఐడియా మంచిదే. షోలో హోస్ట్ చదవడం పూర్తయ్యాక బోర్డు పక్కన లైట్లు వెలుగుతాయి, ఒక మనిషి కూర్చుని స్విచ్ వేస్తాడు, అంతకంటే ముందు బజర్ నొక్కితే పావు సెకను లాక్ అయిపోతుంది, ఆ పావు సెకనులో పక్కవాడు ఎగరేసుకుపోతాడు. అందుకే షోకి వెళ్దామనుకునేవాళ్లు ఇంట్లో చేతిలో పెన్ను పట్టుకుని టిక్కుటిక్కుమనిపిస్తూ ప్రాక్టీస్ చేస్తారు. ఇంట్లో 25,000 కోరియట్ వచ్చేవాళ్లు కూడా అక్కడ బోల్తాపడేది ఇక్కడే, సోఫాలో మనకి పోటీ ఎవరూ లేరు కదా, తెలిసినవన్నీ మనవే, స్టేజీ మీద తెలిసింది ముగ్గురికీ తెలుసు. ఇంతా చేసి సెల్లర్ ఇచ్చిన పెన్ను స్ప్రింగ్ మూడో వారం ఊడి సోఫా కింద పడింది. పైగా జెల్ ఇంకు, వెనక పేజీకి దిగుతోంది, సోమవారం టిక్కులు మంగళవారం బోర్డులో తేలుతున్నాయి. పెన్సిల్ వాడండి.

ఇంకోటి, సీజన్‌కి 230 గేములుంటాయి, బుక్‌లో పేజీలు 130. వారానికి అయిదు చొప్పున సరిగ్గా ఇరవైయారు వారాలు, అంటే ఆర్నెల్లు. సీజన్ మధ్యలో బుక్ అయిపోతుంది, పాత ఛాంపియన్లు మళ్లీ వచ్చే టోర్నమెంట్ ఆ తర్వాత పడితే ఇంకో పదిహేను డాలర్లు. నేను ఈ కంప్లైంట్ చెప్తే మావయ్య గారు "నా వీసా కూడా అంతేగా, సరిపోయింది" అన్నారు. మూడు వారాలు నేను తినేశా కాబట్టి ఆయనకి పదిహేను పేజీలు తక్కువయ్యాయి, చివరి గేములు సెల్లర్ పంపిన ఆ పీడీఎఫ్ ప్రింట్ తీసి స్టేపుల్ చేసి ఇచ్చా. నిజం చెప్పాలంటే ఆ ప్రింట్ కాగితాలే బుక్ కన్నా బాగున్నాయి, ప్యాడ్ మీద చదునుగా నిలబడ్డాయి, గడి పెద్దదైంది, 2000 సరిగ్గా ఉంది.

వెళ్లేటప్పుడు బుక్ సూట్‌కేసులో పెట్టుకుపోయారు. అక్కడెందుకు మావయ్య గారూ అంటే ఆడిట్‌కి అన్నారు. ఆయన యావరేజి నా యావరేజి కన్నా 400 ఎక్కువ, ఎర్ర ఇంకులో రెండు గీతలు కొట్టి మరీ ఉంది అందులో.

కొనాలా అంటే, ఎవరికైనా గిఫ్ట్ ఇవ్వడానికైతే ఓకే, అట్ట చూడ్డానికి బాగుంటుంది. మీకోసమైతే తెల్ల కాగితం మీద ఆరు అయిదులు గళ్లు గీసి యాభై జిరాక్సులు తీయించుకోండి. లేదు బుక్కే కావాలంటే పేమెంట్ కొట్టేముందు శాంపిల్ పేజీ ఫోటో పెద్దది చేసి రెండో బోర్డు అడుగు వరస చూడండి, సెల్లర్ సరిచేశానంటున్నాడు గానీ నిన్న నేను చూసినప్పుడు ఫోటోలో ఇంకా 1000 అనే ఉంది.